సముద్రాన్ని ఐదవ రాష్ట్రంగా గుర్తించాలి

కృష్ణకు వరద వచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తిన ప్రతిసారీ నాయకులకూ, పత్రికలకూ, టీవీ చర్చల్లో కూర్చునే విశ్రాంత ఇంజనీర్లకూ ఒకేసారి దుఃఖం పొంగుకొస్తుంది. ఇన్ని టీఎంసీలు (ఒక్కో టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు) వృథాగా సముద్రం పాలయ్యాయని లెక్కలు చెబుతారు. వేల ఏళ్లుగా కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి దగ్గర కాచుకుని కూర్చుని నదిని పట్టపగలే మింగుతున్న ఈ పాత నేరస్థుడి మీద ఇంతవరకూ ఒక్క కేసూ నమోదు కాకపోవడం పాలనాయంత్రాంగపు అలసత్వమే తప్ప మరొకటి కాదు.

నీటి పంపకంలో మాత్రం మనవాళ్లు ఏ లోపమూ చేయలేదు. 1973లో కృష్ణా జలాల వివాదాన్ని విచారించిన బచావత్ ట్రిబ్యునల్ 75 శాతం విశ్వసనీయతతో, అంటే నాలుగేళ్లలో మూడేళ్లయినా, దొరికే 2060 టీఎంసీలను మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800గా పంచింది. కూడి చూస్తే సరిగ్గా 2060 వస్తుంది. నదిలో పారడానికంటూ చుక్క మిగలదు. 2010లో బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ కాస్త మెత్తబడి, కనీస ప్రవాహాల పేరుతో మూడు రాష్ట్రాల మీద కలిపి 16 టీఎంసీలు రాసింది. ఏడాది పొడవునా సమంగా వదిలితే అవి సుమారు 500 క్యూసెక్కులు, అంటే సెకనుకు 500 ఘనపుటడుగులు, అవుతాయి. శ్రీశైలం జలాశయం నుంచి రాయలసీమ కాలువలకు నీళ్లు మళ్లించే పోతిరెడ్డిపాడు హెడ్ రెగ్యులేటర్ ఒక్కటే 44,000 క్యూసెక్కులు తీసుకోగలదు కనుక, నదికి దక్కిన ఈ వైభవాన్ని చూసి ఎవరూ అసూయపడనక్కరలేదు. పైగా అమలుకు రావాలంటే గెజిట్‌కెక్కాల్సిన ఆ ట్రిబ్యునల్ తీర్పును ప్రచురించవద్దని 2011లో సుప్రీంకోర్టు ఆపింది.

పాలమూరు, రాయలసీమల దాహం నిజమైనదే. దానితో పరిహాసమాడే ధైర్యం ఎవరికీ ఉండకూడదు. కానీ ఇదే పరీవాహకంలో కరువు జిల్లాగా పేరుపడ్డ మహారాష్ట్రలోని సోలాపూర్‌లో చెరకు తోటలు, చక్కెర మిల్లులు కళకళలాడుతుంటాయి. కరువు నేలకు వచ్చిన నీళ్లు అక్కడ పంచదారై బస్తాలకెక్కితే సద్వినియోగం, నదిలోనే ఉండి చేపను బతికిస్తే దుబారా. మనిషి స్నానానికైతే ఈ నియమం వర్తించదు. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలకు గోదావరి నీటిని పట్టిసీమ ఎత్తిపోతల నుంచి తెచ్చి మరీ ఘాట్ల దగ్గర నింపారు. పన్నెండు రోజులు గడవగానే నదికి పుణ్యకాలమూ తీరిపోయింది.

ఇక 2024 సెప్టెంబరులో బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరదను చూపించి, నదికి నీళ్లు లేవనడం ఎంత అబద్ధమో నిరూపించేవారున్నారు. సెప్టెంబరు వరదను ఏడాదికి సగటు వేసుకుని, దాన్ని ఏప్రిల్‌లో తాగడం చేపలు, నది ముఖద్వారపు మడచెట్లు ఇంకా నేర్చుకోకపోవడం వాటి వెనకబాటుతనం.

అందువల్ల సముద్రాన్ని మహారాష్ట్ర, కర్ణాటక, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌ల సరసన ఐదవ పరీవాహక రాష్ట్రంగా గుర్తించాలని ప్రతిపాదిస్తున్నాను. అప్పుడు దానికీ ఒక జలవనరుల మంత్రి, ఢిల్లీలో ఖరీదైన న్యాయవాదులు, అఖిలపక్ష సమావేశాలు ఉంటాయి; దానికి చేరిన నీటిని హక్కు అంటారే తప్ప వృథా అనరు. ఆలస్యం చేస్తే లాభం లేదు. వాయిదాల కోసం ఎదురుచూసే ఓపిక సముద్రానికి లేదని, తన బకాయిని అదే వచ్చి వసూలు చేసుకుంటోందని నాగాయలంక, కోడూరు వైపు బోర్లలో ఉప్పునీళ్లు తోడుకునేవారికి తెలుసు. దానికీ మన దగ్గర మందుంది: ఉప్పు పొంగిన పొలాన్ని రొయ్యల చెరువు చేసి, చెరువులో ఉప్పు తగ్గించడానికి మంచినీళ్లు కావాలంటూ ఎగువ నుంచి మరికొన్ని టీఎంసీలకు అర్జీ పెట్టుకోవచ్చు.