బీపీటీలో చేర్పించే ముందు ఆ ఆస్పత్రి ఓపీ చూసి రండి

నీట్ ఫలితాలు వచ్చిన వారం పది రోజులకు ప్రతి ఏడాదీ నాకు ఒకే రకం ఫోన్లు వస్తాయి. "సార్, మా అమ్మాయికి ఎంబీబీఎస్ సీటు వచ్చేలా లేదు. బీపీటీలో చేర్పించమంటారా?" అని మొదలవుతుంది. బీపీటీ అంటే ఫిజియోథెరపీలో డిగ్రీ. తర్వాతి ప్రశ్న ఫీజు గురించి. ఆ తర్వాత కొంచెం మొహమాటంగా, "పేరు ముందు డాక్టర్ అని రాసుకోవచ్చు కదండీ?" అంటారు. ఫిజియోథెరపిస్టుగా ఇరవై ఏళ్లు పనిచేశాను. పదేళ్లుగా పాఠాలు కూడా చెబుతున్నాను. ఇన్నేళ్లలో "ఆ కాలేజీ ఆస్పత్రికి రోజుకు ఎంతమంది పేషెంట్లు వస్తారు?" అని అడిగిన తల్లిదండ్రులు ఇద్దరో ముగ్గురో.

డాక్టర్ అనే మాట సంగతి ముందు చెప్పేస్తాను. ఫిజియోథెరపీ లాంటి అనుబంధ ఆరోగ్య వృత్తుల కోసం 2021లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. దాని కింద ఏర్పడిన జాతీయ కమిషన్ 2025లో ఫిజియోథెరపీకి కొత్త కరికులం ఇచ్చింది. పేరు ముందు 'డాక్టర్', చివర 'పీటీ' (ఫిజియోథెరపిస్టు) అని రాసుకోవచ్చని అందులో ఉంది. అదే ఏడాది సెప్టెంబర్ 9న కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ అలా రాసుకోకూడదంటూ లేఖ రాసింది. మర్నాడే దాన్ని వెనక్కి తీసుకుంది. ఆ రెండు రోజులు మా వాట్సాప్ గ్రూపులు నిద్రపోలేదు. ఆ గౌరవం నాకూ కావాలి, అందులో దాచేదేమీ లేదు. కానీ అదే కరికులంలో ఇంటర్న్‌షిప్‌ను ఆరు నెలల నుంచి ఏడాదికి పెంచారు. నాలుగున్నరేళ్ల కోర్సు ఐదేళ్లది కాబోతోంది. ఈ మార్పు గురించి ఆ గ్రూపుల్లో ఒక్క మాటైనా రాలేదు. మన పిల్లల భవిష్యత్తును మార్చేది ఇదేనని నా నమ్మకం.

ఎందుకో చెప్పాలంటే ఈ చదువు ఎలా సాగుతుందో తెలియాలి. ఇంటర్ బైపీసీ తర్వాత చేరతారు. ఆంధ్రలో ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం, తెలంగాణలో కాళోజీ విశ్వవిద్యాలయం పరిధిలో కాలేజీలున్నాయి. హైదరాబాద్ నిమ్స్‌లో, తిరుపతి స్విమ్స్‌లో కూడా బీపీటీ ఉంది. మొదటి ఏడాది అనాటమీ, ఫిజియాలజీ. తేలిక కోర్సు అనుకుని వచ్చిన పిల్లలు కండరాల పేర్లు, అవి ఎక్కడ మొదలై ఎక్కడ అతుక్కుంటాయో, ఏ నరం నడిపిస్తుందో చదవలేక టెన్షన్ పడిపోతారు. తర్వాత కరెంటుతో చేసే ఎలక్ట్రోథెరపీలో ఫిజిక్స్, శరీర కదలికల గురించి చెప్పే బయోమెకానిక్స్‌లో మీటల (లివర్ల) సూత్రాలు. ఆ పైన ఎముకలు, నరాలు, గుండె, ఊపిరితిత్తుల జబ్బులు.

ఇవన్నీ పుస్తకంలో దొరుకుతాయి. దొరకనిది చేతికి రావాల్సిన తెలివి. కండరం బలాన్ని మేం సున్నా నుంచి ఐదు వరకు గ్రేడు ఇస్తాం. కదలిక లేకపోయినా వేలి కింద కండరం సన్నగా అదిరితే అది ఒకటి. సున్నాకీ ఒకటికీ తేడా చదివితే తెలియదు. పక్షవాతం వచ్చిన పది మందిని పట్టుకుని చూస్తేగానీ ఆ అదురు వేలికి అందదు. అది అందితే ఆ ఇంటివాళ్లకు ఆశ ఉందని చెప్పొచ్చు. అందకపోతే ఆశ ఉన్నచోట లేదని చెప్పేస్తాం.

ఇంకొకటి భాష. పాఠాలన్నీ ఇంగ్లిష్‌లో జరుగుతాయి. పేషెంటు మాత్రం తెలుగులో చెబుతాడు. "తిమ్మిరెక్కుతోంది", "మొద్దుబారింది", "సలుపుతోంది", "పట్టేసింది", "గుంజుతోంది", "నడుం దగ్గర మొదలై పిక్క దాకా జివ్వున లాగుతోంది". ఒక్కో మాట వెనక ఒక్కో కారణం ఉండొచ్చు. జివ్వున కాలు పొడవునా పాకేదైతే నరం నొక్కుకుందేమో చూడాలి. పొద్దున లేవగానే పట్టేసి, కాసేపు తిరిగితే సర్దుకునేదైతే ఆలోచన వేరే వైపు వెళ్లాలి. ఇంటర్న్ ఇవన్నీ కేస్ షీట్లో 'పెయిన్' అని ఒక్క మాటలో రాసేస్తే సగం వ్యాధి నిర్ధారణ అక్కడే పోయినట్టు. ఈ పదాలకు ఏ పరీక్షలోనూ మార్కులు లేవు. ఓపీలో పెద్దవాళ్ల పక్కన కూర్చుని వింటేనే వస్తాయి.

చికిత్స ఎక్కడిదాకా చేయాలో కూడా పేషెంటు బతుకే చెబుతుంది. మోకాలు ఎన్ని డిగ్రీలు వంగుతోందో గోనియోమీటర్‌తో కొలుస్తాం. కుర్చీలో కూర్చోవడానికి తొంభై డిగ్రీలు వంగితే చాలు. కానీ నాట్లు వేసే ఆమెకు నడుము వంచి బురదలో నిలబడగలగాలి, గట్టు ఎక్కగలగాలి. ఇంట్లో పాతకాలపు మరుగుదొడ్డి ఉంటే గొంతుక్కూర్చోవాలి. పెళ్లి పీటల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని కూతురి కన్యాదానం చేయాలని ఒకాయన నన్ను అడిగాడు. ఆయన చికిత్సకు లక్ష్యం అదే పెట్టుకున్నాం.

అందుకే కాలేజీకి పేషెంట్లు ఉన్నారా అన్న ప్రశ్న అంత ముఖ్యం. నేను చదివిన చోట సొంత ఆస్పత్రి లేదు. ఊళ్లో ఉన్న ఒక నర్సింగ్ హోమ్‌తో కాగితం మీద ఒప్పందం ఉండేది. అక్కడికి వెళితే ముప్పై మందిమి ఒక మంచం చుట్టూ నిలబడేవాళ్లం. పరీక్షలకు ముందు, చూసిన కేసులు రాయాల్సిన లాగ్‌బుక్కులు ఒకరి దాంట్లోంచి ఒకరం రాసుకున్నాం. డిగ్రీ చేతికొచ్చాక ఒక ప్రభుత్వ ఆస్పత్రిలో జీతం లేకుండా ఏడాది తిరిగి నేర్చుకున్నాను. ఆ ఏడాది మా ఇంట్లోవాళ్లు నన్ను పోషించగలిగారు. అందరి ఇళ్లలో అది కుదరదు. ఇప్పుడు పెరిగిన ఇంటర్న్‌షిప్ కూడా స్టైపెండ్ లేకుండా, పేషెంట్లు లేకుండా ఒప్పంద కాగితాల మీదే గడిచిపోతే పేదింటి పిల్లల నెత్తిన మరో ఆర్నెల్ల ఖర్చు పెట్టినట్టే అవుతుంది.

మన దేశంలో ఈ వృత్తి పోలియోతో పెరిగింది. 1950ల్లో ముంబై కేఈఎం ఆస్పత్రిలో ఫిజియోథెరపీ స్కూల్ పెట్టడానికి కారణం పోలియో సోకిన పిల్లలే. 1955లో ఫిజియోథెరపిస్టుల జాతీయ సంఘం ఏర్పడింది. 2014లో పోలియో రహిత దేశమన్న ధ్రువపత్రం వచ్చింది. ఇప్పుడు మా ముందుకొచ్చేవాళ్లు వేరు: పక్షవాతం, షుగర్‌తో భుజం పట్టేసినవాళ్లు, మోకాళ్లు అరిగినవాళ్లు, బైకు ప్రమాదాల్లో వెన్ను దెబ్బతిన్న కుర్రాళ్లు. పునరావాస సేవలతో మేలు పొందగలవాళ్లు ప్రపంచంలో 240 కోట్ల మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క.

పక్షవాతం సంగతే చూడండి. కోలుకోవడం మొదటి మూడు నెలల్లోనే వేగంగా ఉంటుంది. పేషెంటు మాత్రం ఆస్పత్రిలో కొద్ది రోజులే ఉంటాడు, మిగతా కాలమంతా ఊళ్లో మంచం మీదే. లేపి కూర్చోబెట్టడానికి ఇంటివాళ్లు పడిపోయిన చేతినే పట్టుకుని లాగుతారు. పట్టులేని భుజం కీలు జారుతుంది, నొప్పి మొదలవుతుంది, ఆ చెయ్యి ఇక ఎవరినీ ముట్టుకోనివ్వడు. పది నిమిషాలు చూపిస్తే ఆగిపోయే నష్టం ఇది. ఆ పది నిమిషాలు చూపించే మనిషి మండల స్థాయిలో దొరకడం కష్టం. దివ్యాంగ పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రాల్లో ఫిజియోథెరపీ ఇస్తున్నారు. కానీ ఫిజియోథెరపిస్టు వచ్చే రోజు కోసం తల్లులు పిల్లల్ని చంకనేసుకుని ఎదురుచూడాలి.

మరోపక్క బీపీటీ చేసిన పిల్లలు ఉద్యోగాల్లేవని విదేశాల దారి పడుతున్నారు. అమెరికాలో ఈ వృత్తికి ప్రవేశ డిగ్రీయే డాక్టరేట్. మనవాళ్ల చదువును అక్కడ సబ్జెక్టుల వారీగా విడదీసి పోలుస్తారు, క్లినికల్ గంటలు కూడా చూస్తారు. ఆ తర్వాతే లైసెన్సు పరీక్ష. బ్రిటన్‌లో ఆరోగ్య వృత్తులను నియంత్రించే సంస్థ హెచ్‌సీపీసీలో రిజిస్ట్రేషన్ కావాలి. ఆస్పత్రి లేని కాలేజీలో చదివినవాళ్లకు ఆ లోటు అక్కడ బయటపడుతుంది, అప్పటికే లక్షలు ఖర్చయిపోయి ఉంటాయి.

కాబట్టి ఫోన్ చేసేవాళ్లకు నేను చెప్పేది ఇది. చేర్పించండి, మంచి చదువు. కాకపోతే ఫీజు కట్టేముందు ఒక సోమవారం పొద్దున పది గంటలకు ఆ ఆస్పత్రి ఫిజియోథెరపీ ఓపీకి వెళ్లి గంట కూర్చోండి. ఎంతమంది వస్తున్నారో లెక్కపెట్టండి. పేషెంట్లమీద చెయ్యి వేసేది విద్యార్థులా, లేక విద్యార్థులు గోడ పక్కన నిలబడి చూస్తున్నారా గమనించండి. నాలుగో ఏడాది విద్యార్థిని పక్కకు పిలిచి, ఈ నెలలో పక్షవాతం పేషెంట్లను ఎంతమందిని చూశావని అడగండి.

రెండు రాష్ట్రాల ప్రభుత్వాలనూ అడగాల్సింది ఒకటుంది. పెరిగిన ఆ ఆరు నెలలు స్టైపెండ్ ఇచ్చి ఇంటర్న్‌లను ఏరియా ఆస్పత్రులకు, సామాజిక ఆరోగ్య కేంద్రాలకు పంపండి. వాళ్ల పని చూసే సీనియర్ ఫిజియోథెరపిస్టు పోస్టు ఒక్కోచోట ఒకటైనా మంజూరు చేయండి. డిశ్చార్జి అయిన పక్షవాతం పేషెంటు ఇంటికి మొదటి వారంలోనే ఒక ఇంటర్న్ వెళ్లి, ఆ చేతిని ఎలా పట్టుకోవాలో ఇంటివాళ్లకు చూపించి రావాలి.