శ్రుతి తప్పితే తప్పనీండి

ఈ ఏడాది ఉగాది రిహార్సల్స్‌లో ఒక పాప వాళ్లమ్మ నన్ను పక్కకు పిలిచింది. "అన్నయ్యగారూ, పాట ముందే రికార్డు చేయించి తెస్తాం. స్టేజీ మీద పాప పెదాలు కదుపుతుంది. టీవీలో అందరూ అంతేగా!" అంది.

చెన్నైలో ఉంటూ పెదాలు కదపడాన్ని తప్పుపడితే నవ్వుతారు. ఇక్కడి సినిమా స్టూడియోల పేట కోడంబాక్కం బతికిందే దాని మీద. స్టూడియోలో ఒకరు పాడితే సెట్లో ఇంకొకరు నోరు కదిపారు. కానీ పాడినవాళ్ల పేరు రికార్డు అట్ట మీద ఉండేది, ఎవరూ మోసపోలేదు. 1990లో మిల్లీ వనిల్లీ అనే పాప్ జంట దగ్గర్నుంచి గ్రామీ సంగీత అవార్డును వెనక్కి తీసుకున్నది కూడా నోరు కదిపినందుకు కాదు. ఎవరి గొంతునో తమదని ఆల్బమ్ మీద వేసుకున్నందుకు.

టీవీ పాటల పోటీల్లో పిల్లలు అసలు పాడరనే మాట నేను నమ్మను. చాలామటుకు పాడతారు, చెమటలు పట్టేంత టెన్షన్‌తో పాడతారు. నా గొడవంతా ఆ తర్వాత జరిగేదాని గురించి. గొంతు ఒక ట్రాకులో, వాద్యాలు వేరే ట్రాకుల్లో రికార్డవుతాయి. షూటింగుకీ ప్రసారానికీ మధ్య రోజులుంటాయి. ఆ వ్యవధిలో గొంతు కాస్త పెంచితే, కొంచెం రెవర్బ్, అంటే ప్రతిధ్వని, కలిపితే తప్పు లేదు. శ్రుతి దిద్దితే మాత్రం జడ్జిలు విన్న పాట వేరు, మనం విని ఓటేసే పాట వేరు. 2010లో బ్రిటన్ టీవీ పాటల పోటీ 'ఎక్స్ ఫ్యాక్టర్' ఆడిషన్లలో ఇదే బయటపడి పెద్ద రభస అయింది.

పైగా 1997లో వచ్చిన, శ్రుతి దిద్దే ఆ ఆటోట్యూన్ సాఫ్ట్‌వేర్‌కు మన గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ పలికే తీరు, ఎక్కడ తెలుసు? జాగ్రత్తగా వాడకపోతే అపస్వరంతో పాటు, ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే జారునూ ఇస్త్రీ చేసి పారేస్తుంది.

1996లో 'పాడుతా తీయగా' మొదలైనప్పటి నుంచి బాలుగారు ఎక్కడ శ్రుతి జారిందో, ఏ ఒత్తు పలకలేదో పిల్లలకు మన ముందే చెప్పేవారు. ఆ తప్పు మనకూ వినపడితేనే కదా ఆ మాటకు విలువ! మా ఇంట్లో సంగీతం రానివాళ్లం కూడా కాస్తో కూస్తో శ్రుతి పట్టుకోవడం నేర్చుకున్నది అలాగే.

సిగరెట్ కాల్చే సీనుకు కింద హెచ్చరిక వేస్తున్నాం. 'ఈ పాటలో శ్రుతి దిద్దాం' అని ఒక్క లైను వేయడానికి చానళ్లకు ఏం అడ్డం?

ఆ తల్లికి మాత్రం కుదరదన్నాను. వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఉగాది రోజు పాప కరోకే కూడా లేకుండా, కీబోర్డు, తబలాలతోనే పాడింది. రెండో చరణంలో ఒక లైను మింగేసి బిక్కమొహం వేసింది. తబలా ఆయన నవ్వుతూ తాళం ఇంకో చుట్టు వాయించాడు. పాప మళ్లీ అందుకుంది.