తలుపు తీసే ప్రార్థించండి

దేవుడు వింటాడా లేదా అన్న అనుమానం మా గుంటూరు విశ్వాసులకి ఏనాడూ లేదు. మాకున్న బెంగల్లా పక్క కుర్చీలో కూర్చున్న రిటైర్డ్ హెడ్మాస్టరు గారికి సరిగ్గా వినబడుతోందా లేదా అన్నదే.

1842లో హేయర్ అనే అమెరికా పాదిరి వచ్చి మా ఊళ్ళో లూథరన్ మిషన్ మొదలుపెట్టాడు. అంటే 180 ఏళ్ళు దాటిన సాధన మాది. ఇన్నేళ్ళలో ప్రార్థనని ఒక శాస్త్రం స్థాయికి తెచ్చాం. దాన్ని ఇంతవరకూ ఎవరూ కాగితం మీద పెట్టలేదు గనక, లోకహితం కోరి ఆ పనికి నేను పూనుకుంటున్నాను.

మత్తయి సువార్త 6వ అధ్యాయంలో ప్రభువు నేర్పిన ప్రార్థన ఉంది. "మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము" అన్న మాట నిద్రలో లేపి అడిగినా చెబుతాం. సరిగ్గా దానికి ఐదు వచనాల పైన, గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని ప్రార్థించమని కూడా ఉంది. అది మాత్రం నోటికి రాదు. బ్రాడీపేట అద్దె ఇళ్ళలో తలుపేస్తే ఉక్క, అదొక కారణం. అసలు కారణం వేరు. తలుపేసేస్తే ఇక వినేది దేవుడొక్కడే. అంత రిస్కు ఎవరు తీసుకుంటారు?

అందుకే శనివారం ప్రార్థన కూడికలో ఇలా అడుగుతాం: "తండ్రీ, పిల్లవాడి ఇంటర్ రెండో టర్మ్ ఫీజు, 22 వేలు, సోమవారం లోపల కట్టాలి. నీకు తెలియనిదేముంది ప్రభువా!" తెలియనిదేమీ లేనప్పుడు రెండో టర్మ్ అని విడమర్చడం దేనికి అంటారా? ఆ వివరం హెడ్మాస్టరు గారికి. ఆయన పెన్షన్ ఒకటో తారీఖున పడుతుంది. పెద్ద అక్కరలన్నీ మా కూడికలో నెల మొదటి శనివారమే బయటపడతాయి. నెలాఖరు శనివారాల్లో మేం ఎక్కువగా ప్రపంచ శాంతి కోసం ప్రార్థిస్తాం.

"ఎవరినైనా ప్రేరేపించు తండ్రీ" అనే చోట ఒక కన్ను కొద్దిగా తెరవాలి. ఎవరు ప్రేరేపించబడుతున్నారో చూసుకోవద్దూ! వాట్సాప్ వచ్చాక ఈ శ్రమ కూడా తగ్గింది. 'ప్రార్థన మనవి' అని పెట్టి, కింద ఫోన్‌పే నంబరు ఇస్తే సరి. నంబరు కూడా దేవుడికే.

మా ప్రసంగీకులకి జార్జి ముల్లర్ అంటే ప్రాణం. ప్రష్యాలో పుట్టి, ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో అనాథాశ్రమాలు నడిపినాయన. 10 వేల మందికి పైగా పిల్లల్ని సాకాడు. ఏ మనిషినీ చేయి చాచి అడగలేదు, అన్నీ దేవుడికే చెప్పుకున్నాడు. ఈ కథ విన్నప్పుడల్లా కళ్ళు ఒత్తుకుంటాం, చందా పుస్తకం ఆ వెనకే వస్తుంది. అయితే ఈమధ్య ఒక సంగతి చదివి నాకు నిద్ర పట్టలేదు. 1841 చివర్లో ఆశ్రమంలో డబ్బు అడుగంటింది. ఏటా వేసే నివేదిక బయటపెట్టాల్సిన సమయమూ అదే. అది చూసి జనం జాలిపడి పంపితే, అడిగినట్టే అవుతుందని ముల్లర్ దాన్ని వాయిదా వేశాడట! ఎంత అమాయకుడు! మావాళ్ళయితే ఆ వారమే రంగుల్లో అచ్చేసి, వెనక అట్ట మీద క్యూఆర్ కోడ్ వేయించేవాళ్ళు.

ఇక బైబిల్లో ఏలీయా సంగతి. వాగు పక్కన దాగున్న ఆ ప్రవక్తకి కాకులు పొద్దునా సాయంత్రం రొట్టె, మాంసం తెచ్చిపెట్టాయి. ఆ రొట్టె ఏ ఇల్లాలి గిన్నెలోంచి ఎగిరొచ్చిందో గ్రంథంలో లేదు. ఈ విషయంలో మేం గ్రంథాన్ని పొల్లు పోకుండా పాటిస్తాం. మా ఇంటి కాకి నాలుగో లైను కిరాణా కొట్టాయన. మార్చి నుంచీ బియ్యం, కందిపప్పు, నూనె అరువు మీద ఇస్తున్నాడు. శనివారం పొద్దున ఆయన వెంకటేశ్వరస్వామి పటానికి కొబ్బరికాయ కొడతాడు. అదే శనివారం సాయంత్రం నేను కూడికలో లేచి, ఆ ఏలీయాకి అన్నం పెట్టిన సారెపతు విధవరాలి ఇంట్లోలాగే మా ఇంట్లోనూ పిండి తరగలేదు, నూనె అయిపోలేదు, దేవునికే మహిమ అని సాక్ష్యం చెబుతాను. ఆ మహిమ ఆయన పద్దు పుస్తకంలో 11,400 దగ్గరుంది. పైన చిల్లర ఆయనే కొట్టేశాడు.

రేపటి గురించి చింతించకూడదన్న వాక్యం నాకు మహా ఇష్టం. రేపటి ఇడ్లీకి రాత్రి పిండి రుబ్బేది మా ఆవిడ గనక, ఆ వాక్యం ఆమెకి అంతగా పట్టదు. ఇశ్రాయేలీయులు ఆకాశం నుంచి దేవుడు కురిపించిన మన్నా అనే ఆహారాన్ని మర్నాటికి దాచుకుంటే పురుగులు పట్టాయని గుర్తు చేశాను. "వాళ్ళకి ఫ్రిజ్ లేదు కదండీ" అంది. ఆత్మీయ విషయాల్లో లోతు లేని మనిషి.

పోయిన శనివారం బైబిలు చంకన పెట్టుకుని బయల్దేరుతుంటే, "ఆ సాక్ష్యమేదో ఒక్కసారి కొట్టాయన ముందు నిలబడి చెప్పండి, పిండి తరగలేదని ఆయనకీ తెలియాలిగా" అంది.

కూడిక జరిగే ఇల్లు నాలుగో లైనులోనే, కొట్టు దాటాక. నేనీమధ్య ఐదో లైన్లోంచి చుట్టు తిరిగి వెళ్తున్నాను. ఆ దారిలో నన్నెరిగినవాళ్ళు లేరు. పెదవి కూడా కదలనివ్వకుండా నడుస్తూనే ప్రార్థించుకుంటాను: ఈ వారానికి ఆయన ఆ పుస్తకం తెరవకుండా చూడు తండ్రీ.