వోల్టేజ్ ఊగితే ఏవీఆర్ పోయినట్టేనా? ముందు హెర్ట్జ్ చూడండి

మోటార్‌హోమ్ (లోపలే ఇంట్లోలా ఉండే బండి) ఉన్నవాళ్ళ మధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది, మీకూ వచ్చే ఉంటుంది. అందులో ఉన్నది ఇదీ: జనరేటర్ వోల్టేజ్ పైకీ కిందికీ ఊగుతుంటే ఏవీఆర్ (ఆటోమేటిక్ వోల్టేజ్ రెగ్యులేటర్) పోయినట్టే, కొత్తది వేసేయండి. ఇంజిన్ స్టార్ట్ అవుతోందంటే ఫ్యూయల్ వైపు చూడక్కర్లేదు. అప్పటికీ తగ్గకపోతే గవర్నర్ (ఇంజిన్ స్పీడ్‌ని అదుపులో ఉంచే భాగం) స్క్రూ కాస్త తిప్పండి. అదీ కుదరకపోతే స్టెబిలైజర్ పెట్టుకుంటే సరి. ఏదో ఒక్క మాట తప్పయితే వదిలేద్దును గానీ ఇది చదివి జనం డబ్బులు తగలేసుకుంటున్నారు.

మొదట ఏవీఆర్ సంగతి. అది చేసే పని ఒక్కటే, అవుట్‌పుట్ వోల్టేజ్ చూసుకుంటూ రోటార్ (జనరేటర్ లోపల తిరిగే భాగం) ఫీల్డ్‌కి వెళ్ళే కరెంట్‌ని పెంచడం, తగ్గించడం. ఇంజిన్ స్పీడ్ దాని చేతిలో లేదు. ఫ్రీక్వెన్సీ (కరెంట్ సెకనుకి ఎన్నిసార్లు అటూ ఇటూ మారుతుందో ఆ లెక్క, దాన్ని హెర్ట్జ్‌లో చెబుతారు) మాత్రం స్పీడ్‌ని బట్టే వస్తుంది, 2 పోల్ (రోటార్‌లో రెండు అయస్కాంత ధ్రువాలున్న) జనరేటర్ 3600 ఆర్‌పీఎంలో తిరిగితే 60 హెర్ట్జ్, 3000లో తిరిగితే 50, 4 పోల్‌దైతే అందులో సగం స్పీడ్ చాలు. అందుకే హెర్ట్జ్ కూడా చూపించే మీటర్ ఒకటి తీసుకుని, ఏసీ, మైక్రోవేవ్, బ్యాటరీ చార్జర్ అన్నీ ఆపేసి, హీటర్ లాంటి నిలకడైన లోడ్ ఒక్కటే పెట్టి, వోల్టేజ్, హెర్ట్జ్ రెండూ కలిపి చూడండి. హెర్ట్జ్ 57కి పడి 63కి లేస్తోందంటే 2 పోల్ ఇంజిన్ 3420 నుంచి 3780 దాకా పోయి వస్తోందన్నమాట, దానికి మీరు పది ఏవీఆర్‌లు మార్చినా ఒరిగేదేం లేదు. హెర్ట్జ్ కదలకుండా వోల్టేజ్ ఒక్కటే ఊగుతోందా, అప్పుడు కరెంటు వైపు చూడాలి. అక్కడ కూడా ముందు రోటార్‌కి కరెంట్ అందించే కార్బన్ బ్రష్‌లు అరిగాయా, స్లిప్ రింగ్‌లు నల్లబడ్డాయా, కనెక్టర్లు వదులయ్యాయా చూసి అప్పుడు ఏవీఆర్ జోలికి పోవాలి. కొన్ని జనరేటర్లలో అసలు ఏవీఆరే ఉండదండీ, కెపాసిటర్‌తో నడుస్తాయి (ఇంజిన్ ఆపినా దాంట్లో చార్జ్ మిగిలి ఉంటుంది, డిస్చార్జ్ చేయకుండా వేలు పెట్టకండి). ఇన్వర్టర్ జనరేటర్ (ఎలక్ట్రానిక్స్‌తో వోల్టేజ్, హెర్ట్జ్ సర్ది ఇచ్చేది) అయితే లెక్క వేరు, ఎకో మోడ్‌లో లోడ్‌ని బట్టి ఇంజిన్ స్పీడ్ మారడం దాని పద్ధతి, ఆ సౌండ్ విని కంగారు పడక్కర్లేదు.

ఇంకోటి, పైన సీలింగ్ లైట్లు మిణుకుమంటున్నాయని జనరేటర్‌ని తిట్టేవాళ్ళున్నారు. చాలా మోటార్‌హోమ్‌లలో అవి 12 వోల్టులవి, బ్యాటరీ మీద వెలుగుతాయి.

ఇక "స్టార్ట్ అవుతోందిగా, ఫ్యూయల్‌తో పనేంటి" అన్న మాట. అన్నిటికంటే ఎక్కువమందిని తప్పుదారి పట్టించేది ఇదే. స్టార్ట్ అయ్యేటప్పుడు చోక్ (గాలిని తగ్గించే మూత) పడుతుంది, పెట్రోల్, గాలి మిక్స్చర్ చిక్కగా వెళ్తుంది కాబట్టి జెట్ (కార్బ్యురేటర్‌లో పెట్రోల్ వచ్చే సన్న రంధ్రం) సగం మూసుకుపోయినా ఇంజిన్ అందుకుంటుంది, చోక్ తెరుచుకున్నాక మొదలవుతుంది అసలు కథ. పెట్రోల్ సరిపోక స్పీడ్ పడుతుంది, గవర్నర్ థ్రాటిల్ తెరుస్తుంది, స్పీడ్ అవసరానికి మించి ఎగురుతుంది, గవర్నర్ మళ్ళీ మూస్తుంది, ఊం... ఊం... అని అదే తంతు, మెకానిక్‌లు హంటింగ్ అనేది దీన్నే. మామూలు కార్బ్యురేటర్ ఉన్నదైతే ఒక చిన్న టెస్ట్ ఉంది, బాగా ఊగుతున్నప్పుడు చోక్‌ని కొంచెం, అంటే పావు వంతు మూసి చూడండి (పక్కనే సైలెన్సర్ కాలుతూ ఉంటుంది, జాగ్రత్త). ఊగడం ఆగి ఇంజిన్ నిలకడగా తిరిగిందంటే మిక్స్చర్ పల్చగా ఉన్నట్టే, పైలట్ జెట్‌లో జిగురు పట్టి ఉండాలి లేదా ఎక్కడో గాలి లాగేస్తూ ఉండాలి. నెలల తరబడి నడపకుండా పెట్రోల్ అలాగే వదిలేస్తే ఆ జిగురు ఖాయం. నెలకోసారి సగం లోడ్ పెట్టి జనరేటర్ నడపమని మాన్యువల్స్‌లో రాసేది ఊరికే కాదు, లోడ్ లేకుండా పది నిమిషాలు తిప్పి ఆపేస్తే దానివల్ల పెద్ద ఉపయోగం లేదు.

చాలామందికి తెలియని విషయం ఇంకోటుంది. బండి ట్యాంక్ నుంచే పెట్రోలో డీజిలో తాగే జనరేటర్లకి లాగే పైపు ట్యాంక్ అడుగు దాకా దింపరు, చాలా బళ్ళల్లో దాదాపు పావు ట్యాంక్ దగ్గరే ఆపేస్తారు, జనరేటర్ మొత్తం తాగేసి బండి కదలకుండా పోకూడదని. గేజ్ పావు దగ్గర ఉంటే, బండి ఒక పక్కకి వాలి ఆగితే, జనరేటర్ గాలి లాగుతుంది, ఊగుతుంది, ఆగిపోతుంది. బండిలో ఫ్యూయల్ ఉన్నా జనరేటర్‌కి అందదు. ఏదైనా విప్పే ముందు ట్యాంక్ నింపి చూడండి, తర్వాత ఫిల్టర్ సంగతి.

గవర్నర్ స్క్రూ తిప్పడమా, థర్మామీటర్‌ని ఐసులో పెట్టి జ్వరం తగ్గిందన్నట్టు ఉంటుంది. స్క్రూ మార్చేది స్పీడ్ ఎంత ఉండాలన్నది, ఊగడాన్ని కాదు. జెట్ మూసుకుపోయి ఉండగా స్క్రూ బిగించారనుకోండి, తర్వాత ఎప్పుడో కార్బ్యురేటర్ శుభ్రం చేయగానే ఇంజిన్ ఓవర్‌స్పీడ్‌లో తిరుగుతుంది, హెర్ట్జ్, వోల్టేజ్ రెండూ పైకి పోయి సామాన్లు కాలతాయి. ముందు స్ప్రింగ్, లింకేజ్ బిగుసుకోకుండా ఆడుతున్నాయో లేదో చూడాలి, స్క్రూ చివర్న, అదీ లోడ్ పెట్టి మీటర్ చూస్తూ.

స్టెబిలైజర్ వోల్టేజ్‌ని సర్దగలదు, హెర్ట్జ్‌ని కాదు, ఏసీ కంప్రెసర్‌కి రెండూ కావాలి. పైగా తగ్గిన వోల్టేజ్‌ని పెంచడానికి అది జనరేటర్ నుంచి ఇంకా ఎక్కువ కరెంట్ లాగుతుంది, అసలే ఆయాసపడుతున్న ఇంజిన్ మీద ఇంకో బరువు. 120 వోల్టుల బళ్ళకి వచ్చే ఈఎంఎస్ (వోల్టేజ్ తేడా వస్తే కరెంట్ ఆపేసే రక్షణ పరికరం) యూనిట్‌లలో 104 కిందకి, 132 పైకి పోతే కట్ చేసేవి ఉన్నాయి, సామాన్లు కాపాడుకోవడానికి అది నయం. ఏసీ ఆన్ అయిన క్షణంలో వోల్టేజ్ ఒకసారి పడి లేవడం మాత్రం మామూలే, దాన్ని ఫాల్ట్ అనుకోకండి.

స్టెబిలైజర్‌తో కప్పిపెట్టకూడనిది ఇంకోటుంది, వదులైన న్యూట్రల్. 120/240 ఇచ్చే సెట్‌లో (రెండు 120 వోల్టుల లైన్లు, రెండిటికీ ఒకే న్యూట్రల్) ఒక పక్క ఏసీ వేయగానే ఇంకో పక్క 120 వోల్టుల లైట్లు మరీ ప్రకాశంగా వెలిగాయంటే వెంటనే ఆపేయండి, ఒక లైన్‌లో వోల్టేజ్ పడి రెండోదాంట్లో పెరుగుతోంది. అలాగే అదే లోడ్ మీద జనరేటర్ టెర్మినల్స్ దగ్గరా, బండి లోపల ప్యానెల్ దగ్గరా రీడింగ్ తీసి చూడండి, అక్కడ నిలకడగా ఉండి ఇక్కడ ఊగుతోందంటే జనరేటర్ శుభ్రంగా ఉన్నట్టే. పవర్ మొత్తం ఆపేసి ట్రాన్స్‌ఫర్ స్విచ్ (బయటి కరెంట్‌కీ జనరేటర్‌కీ మధ్య మార్చేది) కాంటాక్ట్‌లు కాలాయేమో, స్క్రూలు వదులయ్యాయేమో చూడండి.