కూర్చోవడానికి రామేశ్వరం దాకా పోవాలా?

ట్రైసిటీ (వరంగల్, హనుమకొండ, కాజీపేట) ప్రజల దృష్టికి ఒక తీవ్రమైన విషయం తీసుకురాక తప్పడం లేదు. హనుమకొండలో మా కాలనీకి చెందిన ఒక యువ జంట ఈమధ్య రామేశ్వరం వెళ్లింది. అందులో తప్పేమీ లేదు. అయితే వెళ్లినవాళ్లు అక్కడే గది తీసుకుని వారం పాటు ఉన్నారు. ఉండి ఏం చేశారయ్యా అంటే, సముద్రం ఎదురుగా కూర్చున్నారు. వచ్చాక ఆ సంగతి దాచిపెట్టాలన్న ఇంగితం కూడా చూపలేదు. దాంతో సమాజం జోక్యం చేసుకోవాల్సి వచ్చింది.

యాత్ర నుంచి వచ్చినవాళ్ల విషయంలో మన దగ్గర ఒక పద్ధతుంది. ప్రసాదం పంచాలి. పంచేటప్పుడు ఎదుటివాళ్లు "ఏమేం చూసిన్రు?" అని అడుగుతారు. దానికి ఊపిరి తీసుకోకుండా పది పేర్లు చెప్పాలి. ఆ పేర్లలో రెండు మూడు మరిచిపోయి, "ఇంకేదో ఉండెగదా, మెట్లెక్కినం?" అని భర్త భార్యను అడగాలి. అప్పుడే అది యాత్ర కింద లెక్క. ఈ అమ్మాయి మాత్రం పక్కింటి పెద్దావిడ అడిగితే, "ఏం లేదు అత్తమ్మా, ఊకె కూసున్నం" అన్నదట.

ఆ మాట సాయంత్రానికల్లా కాలనీ దాటింది. అమ్మాయి తల్లి పరకాల నుంచి ఫోన్ చేసి "బిడ్డా, పాణం మంచిగ లేదా? అక్కడ దవాఖానల పడ్డరా ఏంది?" అని అడిగింది. అబ్బాయి పెదనాన్నకు మాత్రం ఇది డబ్బు వ్యవహారంగా తోచింది. చేతిలో పైసల్లేక ఎటూ తిరగలేక గదిలో పడి ఉన్నారని ఆయన నమ్మకం. నాలుగు రోజులు వాళ్లింటికి ఎవరొచ్చినా గొంతు తగ్గించి మాట్లాడారు. మొగుడూ పెళ్లాలకు పడటం లేదన్న వాదం కూడా కొంత బలంగానే వినిపించింది కానీ, పడని ఇద్దరు ఒకే బాల్కనీలో అన్ని రోజులు ఎలా కూర్చుంటారన్న ప్రశ్నకు జవాబు దొరక్క అది వీగిపోయింది. ఆరోగ్యంగా, అప్పుల్లేకుండా, గొడవల్లేకుండా ఇద్దరు మనుషులు ఖాళీగా కూర్చోవచ్చన్న నాలుగో అవకాశం మాత్రం ఎవరికీ తట్టలేదు. తట్టనందుకు మన సంస్కారాన్ని మెచ్చుకోవాలి.

అసలు యాత్ర ఎలా చేయాలో మనకు చెప్పేవాళ్లు లేరా? వేసవి సెలవుల్లో బయలుదేరే టూరు బస్సును చూడండి. కాణిపాకం, కంచి, అరుణాచలం, శ్రీరంగం, మదురై, రామేశ్వరం, కన్యాకుమారి. డిక్కీలో గ్యాస్ సిలిండర్లు, సన్న బియ్యం మూట, వెంట వంటమనిషి. తమిళనాడు పొడుగునా తిరిగొచ్చినా ఒక్క తమిళ మెతుకు నోట పడకుండా పప్పు, పచ్చిపులుసు, మామిడికాయ తొక్కుతో మనవాళ్లను కాపాడుకొస్తాడు ఆ మహానుభావుడు. సీటు కింద సకినాల డబ్బా ఉండనే ఉంటుంది. రాత్రంతా ప్రయాణం, తెల్లారగట్ల స్నానం, దర్శనం, మళ్లీ బస్సు. నిద్ర అనేది రెండు గుళ్ల మధ్య జరగాల్సిన పని. ఇంటికొచ్చాక మూడు రోజులు పడకేస్తే ఆ యాత్ర బాగా జరిగినట్టు.

ఈ బస్సు రామేశ్వరానికి ఇచ్చే సమయం ఒక పూట. అంతకన్నా ఎందుకు? తెల్లవారుజామున స్ఫటిక లింగ దర్శనం. గుడి ఎదుటి సముద్రంలో, అంటే అగ్నితీర్థంలో, మునక. తడి బట్టలతోనే గుళ్లోకి పరుగు. లోపల 22 తీర్థాలు. ఒక్కో బావి దగ్గర బకెట్ పట్టుకుని నిలబడ్డ మనిషి నెత్తి మీద నీళ్లు పోస్తాడు, మనం "అయిపోయిందా, తర్వాతది ఎటు?" అంటూ ఉరుకుతాం. ఏ బావి నీళ్ల రుచి ఏమిటో, ఏ బావి పేరు ఏమిటో తెలుసుకునే వ్యవధి ఉండదు. అంకెలు మాత్రం గట్టిగా లెక్కపెడతాం. 22కి ఒకటి తక్కువైనా టికెట్ పైసలు దండగ కదా.

మా జంట కూడా 22 బావుల స్నానం చేసింది, కాదనను. కానీ మర్నాడు మళ్లీ గుడికి వెళ్లారట. మొక్కు మిగిలిందా? లేదు. ఆ పొడుగాటి బయటి ప్రాకారంలో 1,212 స్తంభాలున్నాయంటారు, వాటి మధ్య నడవడం బాగుందని వెళ్లారట. ఒకసారి చూసిన స్తంభాన్ని రెండోసారి చూసినందుకు పుణ్యం వస్తుందని ఏ శాస్త్రంలోనూ లేదు. పైగా పట్టపగలు.

ఇక వంతెన సంగతి. పాంబన్ దగ్గర 1914లో కట్టిన పాత రైలు వంతెన వందేళ్లకు పైగా పనిచేసింది. తుప్పు, భద్రత భయాలతో 2022 డిసెంబర్‌లో దాని మీద రైళ్లు ఆపేశారు. పక్కనే కట్టిన కొత్తది 2025 ఏప్రిల్ 6న మొదలైంది. ఓడ వస్తే మధ్యలో 72.5 మీటర్ల ముక్క నిలువునా పైకి లేస్తుంది. మామూలు యాత్రికుడు ఏం చేయాలి? రైలు వంతెన మీదికి రాగానే ఫోన్ కిటికీలోంచి బయటపెట్టి వీడియో తీయాలి, ఫ్యామిలీ గ్రూపులో పెట్టాలి, "జై శ్రీరామ్" అని పాతిక జవాబులు రాబట్టాలి. వీళ్లు రైల్లో వచ్చింది చాలక, మరో రోజు పక్కనున్న రోడ్డు వంతెన మీద నిలబడి, ఆ ముక్క ఎప్పుడు లేస్తుందా అని ఎదురుచూశారట. లేవలేదు. "అయినా మంచిగనే అనిపిచ్చింది" అంటాడు అబ్బాయి. జరగని దాన్ని చూసి సంతోషించేవాడికి ఏ టూరు ఆపరేటర్ మాత్రం ఏం చూపించగలడు?

ధనుష్కోటి విషయంలో నాకు నిజంగానే కోపం వచ్చింది. 1964 డిసెంబర్ తుపానులో ఆ ఊరు ఊరంతా పోయింది. రైల్వే స్టేషను, చర్చి మొండిగోడలు ఇప్పటికీ ఇసుకలో నిలబడి ఉన్నాయి. అంతకుముందు మద్రాసు నుంచి రైలు నేరుగా అక్కడిదాకా వచ్చేది. దిగి పడవెక్కితే సిలోన్‌లో, అంటే ఇప్పటి శ్రీలంకలో, తలైమన్నార్. ఇంత చరిత్ర ఉన్న చోట మన బస్సువాళ్లు ఇరవై నిమిషాలు ఇస్తారు. రోడ్డు అంతమయ్యే అరిచల్‌మునై దగ్గర శ్రీలంక వైపు చెయ్యి చాపి ఒక ఫొటో, గవ్వల దండ బేరం ఒకటి, అయిపోయింది. వీళ్లేమో ఆ చర్చి గోడల దగ్గరే పొద్దంతా గడిపారు. పక్కన వల అల్లుకుంటున్న జాలరిని చూస్తూ కూర్చున్నారట. ఆయన కూడా వీళ్లను ఏమీ అడగలేదట. భాష రాకపోవడం ఒక్కోసారి ఎంత మేలో!

దీనికి సమర్థనగా అబ్బాయి పురాణం ఎత్తాడు. కాన్వెంట్‌లో చదివిన పిల్లలు పురాణాలు ఎత్తితే జాగ్రత్తగా ఉండాలి. "రాముడు గూడ అక్కడ సముద్రం ఒడ్డుకు మూడు రాత్రులు దర్భల మీద పండుకున్నడు గదా పెద్దనాయనా?" అని నాతో అన్నాడు. నిజమే, రామాయణంలో ఉంది. రామనాథపురం దగ్గర తిరుప్పుల్లాణిలో పడుకున్న రాముడికి గుడి కూడా ఉంది. కానీ ఆ పడుకోవడం వెనక పని ఉంది నాయనా. సముద్రుడు దారి ఇవ్వాలి. ఇవ్వకపోతే బాణం ఎక్కుపెట్టాడు. ఆ వెంటనే వానరులు ఐదు రోజుల్లో నూరు యోజనాల వంతెన కట్టేశారు. మనం ఆదర్శంగా తీసుకోవాల్సింది ఆ ఐదు రోజులను. ఆ మూడు రాత్రులను పట్టుకుని వేలాడటం వితండవాదం.

అంతెందుకు, ఆ ఊరి స్థలపురాణమే నా పక్షాన ఉంది. లింగం తేవడానికి కైలాసం వెళ్లిన హనుమంతుడు ముహూర్తానికి రాలేదు. ఆగారా? ఆగలేదు. సీతమ్మ ఇసుకతో లింగం చేసింది, ప్రతిష్ఠ జరిగిపోయింది. టూరు బస్సు మేనేజర్లు టైముకు రాని వాళ్లను వదిలేసి హారన్ కొట్టడం ఈ సంప్రదాయంలోనిదే. తర్వాత వచ్చిన హనుమంతుడు చిన్నబుచ్చుకుంటే ఆయన తెచ్చిన లింగానికే మొదటి పూజ అని సర్దిచెప్పారు. ఆటో పట్టుకుని వెనకాల వచ్చిన ప్రయాణికుడికి మేనేజర్లు ఆ పాటి మర్యాద చేయడం లేదు గానీ, అది వేరే వ్యాసానికి విషయం.

కాకతీయుల గడ్డ మీద పుట్టినవాళ్లకు సముద్రం అంటే ఏమిటో గుర్తుచేయాల్సిన దుస్థితి వచ్చింది. ఈ ఓరుగల్లును ఏలిన గణపతిదేవుడికి మోటుపల్లి రేవు ఉండేది. 1244లో అక్కడ అభయశాసనం వేయించాడు. అంతకుముందు రాజులు తుపానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా లాక్కునేవారు. మేం అలా చేయం, కూపశుల్కం అనే సుంకం తప్ప ఏమీ తీసుకోం, భయం లేకుండా రండి అని వ్యాపారులకు మాటిచ్చాడు. ఏ సరుకుకు ఎంత సుంకమో కూడా రాయించాడు. చూశారా? సముద్రం కనిపించగానే మన రాజుకు సుంకం గుర్తొచ్చింది. ఒడ్డున కుర్చీ వేయించుకున్నట్టు శాసనంలో ఎక్కడా లేదు.

పోనీ, కూర్చోవాలన్న రోగం అంత ముదిరితే భద్రకాళి బండ్ లేదా? కాకతీయులు తవ్వించిన చెరువు, పక్కన అమ్మవారి గుడి, ఆటో చార్జీతో పోయేదానికి అంత దూరం రైలెందుకు? 2024 చివర్లో పూడిక తీయడానికి చెరువు నీళ్లన్నీ వదిలేసినప్పుడు కూడా జనం గట్టు మీద కూర్చుని ఖాళీ చెరువును చూశారు. దీవే కావాలంటే లక్నవరం చెరువులో దీవులున్నాయి, వేలాడే వంతెనతో సహా. ఈ మాట అంటే అమ్మాయి, "భద్రకాళి కట్ట మీద కూసుంటె పది నిమిషాలకొకలు ఎరుకైనోళ్లు గలుస్తరు పెద్దనాయనా. ఈడ ఏం చేస్తున్నరని అడుగుతరు" అన్నది. మరి అడగరా? అడగడానికే కదా కాలనీలు కట్టుకున్నది.

ఇంత జరిగాక కాలనీ సంఘం ఊరుకోలేదు. దసరా సెలవుల బస్సు మాట్లాడుకోవడానికి పిలిచిన సమావేశంలోనే ఈ విషయం చర్చకొచ్చింది. ఆధునిక కాలాన్ని పూర్తిగా కాదనడం మంచిది కాదని ఒకరిద్దరు మెత్తబడ్డారు. చివరికి టూరు ఆపరేటరే దారి చూపాడు. రామేశ్వరంలో సాయంత్రం 4 నుంచి 4.40 వరకు సముద్రం ఒడ్డున కూర్చోవడం ప్యాకేజీలో చేరుస్తానన్నాడు. ప్లాస్టిక్ కుర్చీలు బస్సు పైన కట్టుకొస్తారు. సీటు నంబర్ల ప్రకారమే కూర్చోవాలి. వంటమనిషి అక్కడే మిర్చి బజ్జీలు వేస్తాడు. గ్రూపు ఫొటో ఉంటుంది. ఎవరైనా 4.40 తర్వాత కూడా లేవకపోతే, ఆ ఆలస్యం ధనుష్కోటి సమయంలోంచి కోస్తారు. మనిషికి రెండు వందలు ఎక్కువ.

అందరూ ఒప్పుకున్నారు. చెయ్యెత్తి ఒక సందేహం అడిగింది మాత్రం మా వదినె ఒక్కతే.

"కూసునుడు అయిపోయినంక ఏం జూపిస్తరు?"