పర్మిషన్ గారూ, మీ అడ్రస్ ఎక్కడండీ?

ఆయ్, పర్మిషన్ గారికి,

రాజోలు నుంచి పెళ్ళి వీడియోల ఎడిటర్ని రాస్తున్నానండి. మీరు క్షేమమే అనుకుంటున్నాను గానీ మిమ్మల్ని కళ్ళారా చూసినోళ్ళు మా మండలంలో ఒక్కరూ లేరు. పాట వాడితే పర్మిషన్ తీసుకోవాలి కదరా అని ప్రతివోడూ అంటాడు, ఎక్కడ తీసుకోవాలంటే మాత్రం టీ గ్లాసులోకి చూస్తాడు. రేషన్ కార్డుకైతే సచివాలయం ఉంది, పాటకి ఏ ఆఫీసండి?

మొన్న మాఘమాసంలో ఓ పెళ్ళి చేసేను, అంటే వీడియో చేసేను. నాలుగు నిమిషాల హైలైట్స్. తలంబ్రాల దగ్గర ఫలానా సినిమా పాటే పడాలని పెళ్ళికొడుకు బావగారి పట్టు, వేసేను. రాత్రి రెండింటికి యూట్యూబ్‌లో ఎక్కించి టీ పెట్టుకునేలోపే, ఈ పాట మాదీ అని మ్యూజిక్ కంపెనీ పేరున క్లెయిమ్ వచ్చేసింది. తెల్లారేసరికి డల్లాస్ నుంచి పెళ్ళికూతురి అన్నయ్య ఫోను, ఇక్కడ బ్లాక్ అని వస్తుందేంటండీ అని. పాపం సెలవు దొరక్క పెళ్ళికే రాలేదాయన, వీడియోలోకి కూడా రానివ్వలేదు మీరు.

విచిత్రం ఏంటంటే అదే పాట పెళ్ళినాటి సాయంత్రం ఊరేగింపులో డీజే పెట్టి చెట్ల మీద కొబ్బరికాయలు రాలేలా వాయించేరండి, దానికి మీరు అక్కర్లేదంట! 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో పెళ్ళి ఊరేగింపుకీ ఆ సంబరాలకీ మినహాయింపు ఉందని 2023 జులైలో కేంద్రం నోటీసు కూడా ఇచ్చింది. ఊరు ఊరంతా చెవులు మూసుకుంటే శుభకార్యం, నేను నలభై సెకన్లు వీడియో కింద పెడితే దొంగతనం. బాగుందండి.

సరే చట్టం చట్టమే కదా అని మిమ్మల్ని వెతుక్కుంటూ బయల్దేరేను. తీరా చూస్తే మీరు ఒక్కరు కాదంట. బాణీకీ సాహిత్యానికీ ఒకరు, రికార్డింగుకి ఇంకొకరు, సినిమా బిట్టు కూడా కావాలంటే నిర్మాత వైపు నుంచి మూడోవారు. ఓ మ్యూజిక్ కంపెనీ ఫారం దొరికితే కూర్చుని నింపేను. ప్రాజెక్టు బడ్జెట్ అన్నచోట మూడున్నర వేలు (అందులో వెయ్యి ఇంకా రావాలి). ఏయే ప్రాంతాల్లో వాడతారు అంటే రాజోలు, మలికిపురం, డల్లాస్. ఎంతకాలానికి అన్నదగ్గర కాస్త ఆలోచించి 'కాపురం ఉన్నంతకాలం' అని రాసేను. మీ మెయిల్ అందింది, త్వరలో సంప్రదిస్తాం అని రెండు సెకన్లలో జవాబొచ్చింది. అంతే. మొన్న ఆ అమ్మాయికి సీమంతం అయ్యింది, ఆ వీడియో కూడా నాకే ఇచ్చేరు.

పాట కట్టినాయనకి డబ్బులు వెళ్ళాలన్నది నేనూ ఒప్పుకుంటానండి, ఓ అయిదొందలు ఫోన్‌పే కొట్టమంటే ఇప్పుడే కొడతాను, స్కానర్ ఏదీ?

ఈలోగా క్లెయిమ్ పడకుండా మా ఎడిటర్ల వైద్యాలు మాకున్నాయి. పాట పిచ్, అంటే శ్రుతి, కొంచెం పెంచితే గాయకుడికి జలుబు చేసినట్టొచ్చింది, అయినా దొరికిపోయింది. వీడియో అద్దంలోలా తిప్పెయ్యమన్నాడొకడు, తిప్పేను. పెళ్ళికూతురి మామ్మగారు చూసి పైట కుడి భుజం మీదకి ఎలా వెళ్ళిందిరా, పంతులుగారు ఎడం చేత్తో అక్షింతలు వేస్తున్నాడేంట్రా, అప్రాచ్యుడా అని నన్ను కడిగేసేరు. మీకంటే ఆవిడే నయం, ఫోన్లో దొరికేరు.

పాత సినిమా అయితే గొడవే ఉండదు, అరవై ఏళ్ళు దాటితే ఫ్రీ అన్నాడు మా బాబాయ్. మన గోదారి మీద తీసిందే కదా అని 1964 'మూగ మనసులు' లెక్కేసేను. సినిమాకైతే 2024తో గడువు అయిపోయిందండి. కానీ బాణీకి లెక్క వేరే, కట్టినాయన పోయిన అరవై ఏళ్ళ దాకా. కె.వి. మహదేవన్ గారు పోయింది 2001లో, అంటే 2061 చివరిదాకా ఆగాలి. పెళ్ళికొడుకు షష్టిపూర్తి వీడియోకి అందుకుంటుందేమో చూడాలి.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, కనుమ నాడు మా కోనసీమలో జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళేను. గంగలకుర్రు ఊరోళ్ళు దేవుణ్ణి పెట్టి భుజాల మీద మోసే ప్రభ కౌశిక ఏరు దాటుతుంటే మొలలోతు నీళ్ళలో నుంచుని, ఫోను తలమీదకెత్తి, చెప్పు ఒకటి బురదలో వదిలేసి తీసిన షాటండి అది. పది రోజులకి వేరేవాడి యూట్యూబ్ ఛానెల్లో చూసేను, నా లోగో లేదు, కింద ఓ సినిమా పాట. ఆ పాటకి క్లెయిమ్ నిమిషాల్లో పడిందంట, నా షాటు సంగతి ఏ మెషీనుకీ పట్టలేదు. కంటెంట్ ఐడీ అని, ఎవరి సరుకు ఎవరు వాడినా పట్టేసే యూట్యూబ్ ఏర్పాటు అది, పెద్ద పెద్ద కంపెనీలకే గానీ మాలాంటోళ్ళకి ఇవ్వరు లెండి.

ఫోన్ చేసి అడిగేను, ఏరా, పర్మిషన్ తీసుకోవాలని తెలీదా అని.

"ఎక్కడ తీసుకోవాలో తెలీలేదు అన్నయ్యా" అన్నాడు.

నా నెంబరు వీడియో మీదే ఉంది కదరా అన్నాను.

"అది క్రాప్‌లో పోయింది అన్నయ్యా. క్రెడిట్స్ టు ఓనర్ అని పెట్టేనుగా."

ఉంటానండి. ఇటువైపొస్తే కబురెట్టండి, ఆడూ నేనూ కలిసే వస్తాం.

ఇట్లు,
రాజోలు ఎడిటర్