‘పసిఫిక్ రిమ్: ద బ్లాక్’ మీద చలామణిలో ఉన్న తీర్పు ఎందుకు నిలవదు

భారీ రోబోల సినిమాలను ఇష్టపడేవారి మధ్య ‘పసిఫిక్ రిమ్’ సినిమాల కథాప్రపంచంలో సాగే యానిమేషన్ సిరీస్ ‘పసిఫిక్ రిమ్: ద బ్లాక్’ ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఒకే తీర్పు వినిపిస్తుంది. ఇది బొమ్మలు అమ్ముకోవడానికి తీసిన పిల్లల కార్టూన్ అనీ, పేరు తప్ప సినిమాలతో దీనికి సంబంధం లేదనీ, కైజులను (సముద్రం నుంచి వచ్చి నగరాల మీద పడే రాక్షస జీవులను) పూజించేవారిని, సగం మనిషి సగం కైజు అయిన బాలుణ్ణి చొప్పించి మూలకథ నియమాలను చెడగొట్టారనీ, చౌకగా కంప్యూటర్ మీద చుట్టేశారనీ, చివరకు ఆదరణ లేక మధ్యలో ఆపేశారనీ ఆ తీర్పు సారాంశం. ఈ ఆరోపణల్లో ఒకదానిలో కొంత నిజం ఉంది. మిగిలినవి సిరీస్‌ను చూసి చేసినవిగా కనిపించవు.

బొమ్మల అనుమానం ఎక్కడినుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. 1984లో అమెరికా టెలివిజన్‌లో మొదలైన ‘ట్రాన్స్‌ఫార్మర్స్’ కార్టూన్, జపాన్‌కు చెందిన టకారా సంస్థ బొమ్మలను తెచ్చుకుని హాస్‌బ్రో సంస్థ కొత్త పేర్లతో అమ్మిన వరుసకు తోడుగా పుట్టింది. అక్కడ బొమ్మ ముందు, కథ తరువాత. ‘పసిఫిక్ రిమ్’ పుట్టుక వేరు: ట్రావిస్ బీచమ్ రాసిన కథను గియెర్మో దెల్ తోరో 2013లో సినిమాగా తీశాడు, బొమ్మలు ఆ తరువాతే వచ్చాయి. నెట్‌ఫ్లిక్స్‌లో 2021 మార్చి 4న మొదలైన ఈ సిరీస్‌లో కథానాయకుల చేతికి దొరికే యేగర్ (కైజులతో పోరాడే భారీ రోబో) పేరు అట్లస్ డిస్ట్రాయర్. అది శిక్షణకు వాడిన పాత యంత్రం. దానికి ఆయుధాలే లేవు. అమ్మకమే ధ్యేయమైతే కత్తులూ ఫిరంగులూ ఉన్న రోబోను ముందు పెట్టి ఉండేవారు. పైగా మొదటి భాగం ముగిసేలోపే కథానాయకులైన అన్నాచెల్లెళ్లు టేలర్, హేలీ పెరిగిన చిన్న స్థావరాన్ని కాపర్‌హెడ్ అనే కైజు నేలమట్టం చేస్తుంది, వారికి తెలిసిన మనుషులందరూ చనిపోతారు. చిన్నపిల్లల కార్టూన్ ఇలా మొదలవదు.

సినిమాలతో సంబంధం లేదన్న రెండవ ఆరోపణకే ఎక్కువ జవాబు చెప్పాలి, ఎందుకంటే ఈ సిరీస్‌లోని అసలు విషయం అక్కడే ఉంది. మొదటి సినిమాలో యేగర్‌కు ఇద్దరు పైలట్లు ఎందుకు కావాలో మొదట్లోనే చెప్పారు: అంత పెద్ద యంత్రంతో నరాలను అనుసంధానించుకుంటే పడే భారాన్ని ఒక్క మెదడు మోయలేదు కనుక, ఇద్దరు తమ జ్ఞాపకాలను కలబోసుకుని ఆ భారాన్ని పంచుకోవాలి. దానినే డ్రిఫ్ట్ అంటారు. అందువల్లనే ఆ సినిమాలోని పైలట్లు చాలావరకు ఒకే ఇంటివాళ్లు. రాలీ, యాన్సీ బెకెట్ అన్నదమ్ములు. ఆస్ట్రేలియా యేగర్ స్ట్రైకర్ యురేకాను నడిపే హెర్క్, చక్ హాన్సెన్ తండ్రీకొడుకులు. రష్యా యేగర్ చెర్నో ఆల్ఫాలో భార్యాభర్తలు, చైనా యేగర్ క్రిమ్సన్ టైఫూన్‌లో ఒకే కాన్పున పుట్టిన ముగ్గురు సోదరులు ఉంటారు. డ్రిఫ్ట్‌లో ఉండగానే అన్న యాన్సీ చనిపోవడంతో ఆ చావు భయం రాలీకి తన సొంత జ్ఞాపకమై మిగిలిపోతుంది. రాలీకి జోడీగా వచ్చిన కొత్త పైలట్ మాకో మోరీ తొలిసారి డ్రిఫ్ట్‌లోకి వెళ్లినప్పుడు, చిన్నతనంలో టోక్యోలో తనను తరిమిన కైజు జ్ఞాపకంలో చిక్కుకుని, శిబిరం మధ్యలోనే ఆయుధాన్ని పేల్చబోతుంది. ఆ సినిమాలో నాకు అన్నింటికంటే గుర్తుండిపోయిన ఘట్టాలు ఇవే, హాంకాంగ్ వీధుల్లోని పోరాటం కూడా వీటి తరువాతే.

‘ద బ్లాక్’ ఈ నియమాన్ని తీసుకుని, సినిమాలకు తీరిక దొరకని చోటికి తీసుకువెళ్లింది. కైజులు ముంచెత్తడంతో ఆస్ట్రేలియాను ఖాళీ చేయించి వదిలేశారు. పైలట్లయిన తల్లిదండ్రులు టేలర్, హేలీలను ఒక మరుగు చోట దింపి, సాయం తెస్తామని సిడ్నీ వైపు వెళ్లారు. ఐదేళ్లయినా తిరిగి రాలేదు. భూగర్భంలో పడి ఉన్న అట్లస్ డిస్ట్రాయర్‌ను హేలీ కనుగొంటుంది, దాన్ని మేల్కొలపడమే కాపర్‌హెడ్‌ను ఊరి మీదికి రప్పిస్తుంది. ఆ తరువాత ఆ యంత్రాన్ని నడపాలంటే ఆమె అన్నతో మనసు కలపక తప్పదు; ఊరు తనవల్ల పోయిందన్న బాధను దాచుకోవలసిన మనిషితోనే జ్ఞాపకాలు పంచుకోవాలి. శిక్షణ లేని ఇద్దరు పిల్లల మధ్య డ్రిఫ్ట్ ఎలా ఉంటుందన్న ప్రశ్నను సినిమాలు అడగలేదు. షేన్ అనే బందిపోటు నాయకుడు అదే సాంకేతికతతో మెయ్ అనే యువతి జ్ఞాపకాలను తనకు అనుకూలంగా మార్చివేయడం ఇంకో మెట్టు. జ్ఞాపకాలను పంచుకోగలిగితే వాటిని పాడుచేయడమూ సాధ్యమేనన్న ఆలోచన మొదటి సినిమా నియమంలోనే ఉంది, దానిని బయటికి తీసింది మాత్రం ఈ సిరీస్. కథ చూడనివారి కోసం ఆ భాగాన్ని ఇంతకంటే విప్పను.

కథాస్థలం విషయంలోనూ ఇది తెగిన దారం కాదు. మొదటి సినిమాలో తీరరక్షణ గోడ ఎందుకూ పనికిరాదని ప్రపంచానికి తెలిసేది సిడ్నీలోనే. మ్యూటవోర్ అనే కైజు ఆ గోడను పగలగొట్టుకుని వస్తుంది. 2018 నాటి రెండవ సినిమా ‘అప్‌రైజింగ్’లో మాకో మోరీ మరణించేదీ ఆ నగరంలోనే.

మూడవ ఆరోపణ చేసేవారు మొదటి సినిమాను మరోసారి చూడవలసి ఉంది. కైజులను దైవాలుగా కొలిచేవారు, చచ్చిన కైజు ఎముకల చుట్టూ కట్టుకున్న హాంకాంగ్ బస్తీ, కైజు అవయవాలను అమ్ముకునే హానిబాల్ చౌ వ్యాపారం అన్నీ 2013లోనే తెరమీద ఉన్నాయి. వేర్వేరు కైజుల కణజాలంలో ఒకే డీఎన్ఏ ఉందని, అంటే అవి ఎవరో తయారు చేసి పంపినవని శాస్త్రవేత్త న్యూటన్ గైజ్లర్ కనిపెట్టింది కూడా ఆ కథలోనే. అతడు కైజు మెదడుతో డ్రిఫ్ట్ చేశాడు, ఆ సంపర్కం అతణ్ణి చివరకు శత్రువు చేతి పనిముట్టుగా మార్చిందని రెండవ సినిమా చెప్పింది. అదే సినిమాలో మనిషి లేకుండా నడిచే డ్రోన్ యేగర్లలో కైజు మెదళ్లను దాచి పెట్టారు. తయారు చేయగలిగిన జీవి, మనిషి మెదడుతో కలవగలిగిన జీవి, యంత్రంలో ఇమడగలిగిన జీవి అని ఇంత చెప్పిన తరువాత, మనిషి రూపంలో ఉన్న కైజు బాలుడు నియమభంగం ఎలా అవుతాడు? అయితే ఒక మాట ఒప్పుకోవాలి. ఆ బాలుణ్ణి తమ రక్షకుడిగా భావించే ‘సిస్టర్స్’ అనే స్త్రీల బృందానికి ఇచ్చిన మానసిక శక్తులు రెండవ సీజన్‌లో మంత్రతంత్రాల దాకా వెళ్లాయి, వాటికి కథలో తగినంత పునాది వేయలేదు. తప్పు పట్టవలసింది అక్కడ, బాలుడి దగ్గర కాదు.

చౌకగా చుట్టేశారన్న మాటలోనే కొంత నిజం ఉందన్నాను. మనుషుల ముఖాల్లో కదలిక తక్కువ, నడకలో బిగుతు ఉంది, సంభాషణల సన్నివేశాల్లో అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. దాదాపు 19 కోట్ల డాలర్ల వ్యయంతో తీసిన సినిమాలోని వాన, నీరు, నియాన్ వెలుగులు ఇక్కడ ఆశించలేము. కానీ దీన్ని రూపొందించిన టోక్యో సంస్థ పాలిగాన్ పిక్చర్స్‌కు ఇది కొత్త పద్ధతి కాదు. 1983లో మొదలైన ఆ సంస్థ ‘ట్రాన్స్‌ఫార్మర్స్ ప్రైమ్’ మొదలుకొని ‘నైట్స్ ఆఫ్ సిడోనియా’, గాడ్జిల్లా యానిమేషన్ చిత్రాల దాకా ఇదే త్రిమితీయ శైలిలో పనిచేసింది. ఈ శైలికి మనిషి ముఖం బలహీనత అయితే, బరువైన లోహం బలం. అట్లస్ డిస్ట్రాయర్ అడుగు పడినప్పుడు కనిపించే భారాన్ని చేతితో గీసిన చిత్రాల్లో ప్రతి కదలికకూ నిలబెట్టడం చాలా ఖర్చుతో కూడిన పని. నచ్చకపోవడం వేరు, నిర్లక్ష్యం అనడం వేరు.

ఇక మధ్యలో ఆపేశారన్నది పొరపాటు. ఈ సిరీస్‌కు మొదటినుంచే రెండు సీజన్లు నిర్ణయించారు. మొదటి సీజన్ ఏడు భాగాలతో వచ్చింది, రెండవది మరో ఏడు భాగాలతో 2022 ఏప్రిల్ 19న, అదే ముగింపు అని ముందే ప్రకటించి విడుదల చేశారు. రూపకర్తలైన క్రెయిగ్ కైల్, గ్రెగ్ జాన్సన్ ఎక్స్-మెన్ యానిమేషన్ సిరీస్‌లకు పనిచేసిన అనుభవజ్ఞులు. తల్లిదండ్రులను వెతుక్కుంటూ సిడ్నీకి సాగే ప్రయాణమనే ఒకే గీత మీద కథను నడిపి, ఆ గీతను పద్నాలుగు భాగాల్లో పూర్తి చేశారు. ఇంకా చూడాలనిపించిందని ఎవరైనా అంటే అర్థం చేసుకోవచ్చు. రెండవ సీజన్ చివరి భాగాలు మరో రెండు మూడు భాగాలకు సరిపడే సంగతులను తరుముకుంటూ పోయాయి, మెయ్ గతానికి దక్కవలసిన నిడివి దక్కలేదు. అది తొందర మీద చేయదగిన విమర్శ, అసంపూర్తి అన్న ఆరోపణకు అది ఆధారం కాదు.